కరవని కుక్కపిల్ల

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు. గొప్పకు చెప్పడం లేదు, ఇప్పుడూ లేరు, కావాలంటే మా ఆయన్ని అడగండి. అప్పట్లో నా పద్ధతి ఒకటే. అడిగిన ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పేదాన్ని, అడగనిది చచ్చినా చెప్పేదాన్ని కాదు. "పెరుగు గిన్నె నువ్వేనా దించేవు?" అని అమ్మ అడిగితే "దించలేదు" అనేదాన్ని. నిజమే మరి, స్టూలెక్కి గిన్నె ఉన్నచోటే ఉంచి తిన్నాను. ఇలాంటి జవాబులతోనే వీధిలో అబద్ధమాడని పిల్లగా పేరు తెచ్చుకున్నాను. ఒక సాయంత్రం ఆ పేరే నన్ను చావు దగ్గరికి తీసుకెళ్ళింది. అది చావని అప్పుడు నాకు తెలియదు. నా చుట్టూ నిలబడ్డ పెద్దవాళ్ళకూ తెలియదు, ఒక్కరికి తప్ప.

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. కింద కొట్టు, వెనక గోదాం, పైన మేము. నాన్న సరుకు పని మీద ఎప్పుడూ ఊళ్ళు పట్టుకు తిరిగేవారు. కొట్టు తాతయ్యది, పెత్తనం చిన్నాన్నది, చాకిరీ అమ్మది. సీజన్లో మా ఇంటి గోడలు ముట్టుకుంటే చేతికి అంటుకునేవి. పుస్తకాలు తెరిస్తే చీమలు, జడ విప్పితే చీమలు. బళ్ళో నా పక్కన కూర్చోడానికి పిల్లలు పోటీపడేవారు. నా మీద ప్రేమతో కాదు, నా పరికిణీ జేబులో ఎప్పుడూ ఒక ముక్క ఉంటుందని.

తాతయ్యకు ఒక ఆచారం ఉండేది. మా గడపలోకి కొత్తగా ఎవరు అడుగుపెట్టినా నోట్లో బెల్లం పడాలి. కొత్త కోడలైనా, కొత్తగా చేరిన గుమాస్తా అయినా, బెల్లం దిమ్మ అంచు గిల్లి ముక్క చేతిలో పెట్టేవారు. పసిపిల్లలకైతే చిటికెన వేలి కొసను మెత్తటి బెల్లంలో అద్ది నాలుకకు రాసేవారు. నాకూ అలాగే రాశారట. "ఆ బెల్లంలో సున్నం ఎక్కువ పడిపోనాది, అందుకే దీనికి ఈ నోరు" అని చిన్నాన్న ఏడిపించేవాడు.

నాకు పదేళ్ళప్పుడు, రోలుగుంట వైపు నుంచి మాకు బెల్లం తెచ్చే రైతు ఒకాయన దిమ్మలతో పాటు ఒక కుక్కపిల్లను కూడా తెచ్చాడు. బండిలో పరిచిన గడ్డిలో ముడుచుకుని పడుకుంది. రంగు అచ్చం కొత్త బెల్లమే. ఎవరికైనా ఇచ్చేద్దామని తెచ్చానన్నాడు. తల్లి లేదట, వాళ్ళ ఇంటావిడ గుడ్డతో పాలు పట్టి సాకుతోందట, కానీ ఊళ్ళోవాళ్ళు ఉంచనివ్వడం లేదట.

"తల్లేమయింది?" అని అడిగాను.

"కొట్టి సంపేసేరమ్మా."

"ఎందుకూ?"

ఆయన నా మాట వినబడనట్టు బండి తాడు ముడి విప్పడంలో పడ్డాడు. ఇప్పుడు తలుచుకుంటే, పుట్టిన దగ్గర్నుంచీ బండి తోలిన మనిషికి ఆ ముడి విప్పడానికి అంతసేపు పట్టకూడదు. మరోసారైతే జవాబు వచ్చేదాకా నేను వదిలేదాన్ని కాదు. ఆ పూట మాత్రం వదిలేశాను. కుక్కపిల్ల నా చెయ్యి నాకుతోంది.

బెల్లం కొట్టులో కుక్కేమిటని అమ్మ గోల పెట్టింది. ఎలుకల కోసం పిల్లిని ఉంచినప్పుడు దొంగల కోసం కుక్కను ఉంచితే తప్పేమిటని నేను వాదించాను. దొంగ వచ్చి దిమ్మ ఎత్తుకుపోతాడా అని చిన్నాన్న నవ్వాడు. చివరకు తాతయ్య, "గోదాంలో ఉంటాదిలే, ఉండనియ్యండి" అన్నారు. నేను వెంటనే వేలు బెల్లంలో అద్ది దాని నాలుకకు రాశాను. మా గడపలోకి కొత్తగా వచ్చింది గదా, ఆచారం తప్పకూడదు. తాతయ్య చూసి మురిసిపోయారు. పొట్ట గుండ్రంగా ఉందని దానికి దిమ్మ అని పేరు పెట్టాను.

అంతకుముందు మా వంశంలో ఎవరూ కుక్కను పెంచలేదు. దానికేం పెట్టాలో, ఏం పెట్టకూడదో చెప్పేవాళ్ళు లేరు. ఊళ్ళో పశువుల ఆసుపత్రి ఉండేది గానీ, అది ఆవులకూ గేదెలకూ అనుకునేవాళ్ళం. కుక్కకు సూదిమందు వేయించాలని ఎవరైనా చెప్పినా, ఆ రోజుల్లో మా ఇంట్లో విరగబడి నవ్వేవారు. పెరుగన్నం, పాలు, బెల్లం, ఇవే దానికి తిండి. గోదాంలో దిమ్మలకు చుట్టే తాటాకు చాపల మీద పడుకునేది. నేను బళ్ళోంచి రాగానే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకునేది. ఏదైనా ఒక ప్రాణి నాతో వాదించకుండా నా మాట వినడం నాకదే మొదలు.

కొన్ని వారాలు అలా గడిచాయి. ఒకరోజు నేను పిలిస్తే రాలేదు.

వెతికితే చాపల దొంతర వెనక, గోడ మూల చీకట్లో ఉంది. లేచి వచ్చింది గానీ నా దాకా రాలేదు. నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి ఖాళీ గోడ వైపు చూస్తూ నిలబడిపోయింది. గోడ మీద బల్లి కూడా లేదు. తలుపు తీస్తే వెలుగు పడి మొహం తిప్పుకుంది. మర్నాడు ఒకసారి మొరిగింది. ఆ గొంతు దానిది కాదు. బొంగురుగా, చివర తెగిపోయినట్టు ఉంది. వంటింట్లో ఉన్న అమ్మ కూడా ఉలిక్కిపడి "ఏటే అది?" అంది.

ఆ తర్వాత దాని కింది దవడ వేలాడిపోయింది. ఎంతకూ మూసుకోదు. నోట్లోంచి జొల్లు పాకంలా తీగలు సాగేది. తిండి ముందు పెడితే వాసన చూస్తుంది, మూతి ఆనిస్తుంది, అంతే. నీళ్ళ పళ్ళెం పెడితే ఆత్రంగా మూతి ముంచుతుంది, నీళ్ళన్నీ పక్కలనుంచి కారిపోతాయి. మళ్ళీ ముంచుతుంది, మళ్ళీ కారిపోతాయి. అప్పుడు తలెత్తి నా వైపు చూసేది, ఏదో ఒకటి చెయ్యవేమన్నట్టు. దాహం ఉంది, ఎదురుగా నీళ్ళున్నాయి, గుటక మాత్రం పడదు.

అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. బెల్లం తిని కడుపులో పాములు పడ్డాయని చిన్నాన్న తేల్చాడు. నేను ఇద్దర్నీ కొట్టిపారేశాను. పక్క వీధిలో చేపలమ్మేవాళ్ళు పారేసిన ముల్లేదో మింగి ఉంటుంది, అది గొంతులో అడ్డం పడింది, అందుకే నోరు మూయలేకపోతోంది, మింగలేకపోతోంది. ఎంత చక్కగా అతికిందో చూడండి. తర్వాత చాలా ఏళ్ళకు తెలిసింది, ఈ జబ్బు పట్టిన కుక్కను చూసి పెద్దపెద్దవాళ్ళు కూడా సరిగ్గా ఇలాగే అనుకుంటారట, అనుకుని సరిగ్గా నేను చేసిన పనే చేస్తారట.

ఎడమ చేత్తో దాని దవడ పట్టుకుని, కుడి చేతి చూపుడు వేలిని మెత్తటి బెల్లంలో అద్ది, నాలుక మీదుగా గొంతు దాకా పెట్టి తడిమాను. ముల్లు తగల్లేదు. పోనీ బెల్లమైనా లోపలికి పోతుందని అలాగే కాసేపు ఉంచాను. తీసేటప్పుడు పై పళ్ళు వేలికి గీరుకున్నాయి. సూదుల్లాంటి పాలపళ్ళు. సన్నటి గీత పడి, దాని మీద ఎర్రగా చుక్కలు తేలాయి. పరికిణీకి తుడుచుకున్నాను. ముల్లు ఇంకాస్త లోపలికి దిగిందేమోనని మర్నాడు మళ్ళీ పెట్టాను. అదే వేలు.

ఆ సాయంత్రం పక్కింటి అత్తమ్మ పాత చాప ఒకటి అడగడానికి గోదాంలోకి వచ్చింది. దొంతర దగ్గరకు వెళ్ళి వంగి, వంగినది వంగినట్టే ఆగిపోయింది.

"ఇదేటే గుంటా, దీని నోరేటిలాగుంది?"

"ముల్లు గుచ్చుకుంది."

"నీళ్ళు తాగుతందా?"

"తాగుదామనే చూస్తోంది. పోవట్లేదు."

అత్తమ్మ చేతిలో చాపను తనకూ కుక్కకూ మధ్య అడ్డంగా పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచింది. గుమ్మం దాటాక ఆ చాప అక్కడే పారేసి, "ఓలమ్మో, ఓలమ్మో" అంటూ వీధిలోకి పరుగెత్తింది. ఆవిడ ఏ సంగతికైనా అలాగే అరుస్తుందని నేను పట్టించుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు మా గోదాం గుమ్మం ముందు వీధి వీధంతా ఉంది. చిన్నాన్న చేతిలో దుడ్డుకర్ర. ఇంకో ఇద్దరి చేతుల్లోనూ కర్రలున్నాయి. అమ్మ నన్ను రెక్క పట్టుకుని వెలుగులోకి లాగి, పైనుంచి కిందకి చూస్తోంది.

"కరిచిందేటే?" అన్నాడు చిన్నాన్న.

"కరవలేదు."

"నిజం చెప్పు."

"నేనెప్పుడైనా అబద్ధమాడేనా?"

"మీదకొచ్చిందా? గోళ్ళతో గీరిందా?"

"రాలేదు. గోళ్ళతో గీరలేదు."

చూశారా, ఒక్కటీ అబద్ధం కాదు. అది నన్ను కరవలేదు, నేనే దాని నోట్లో చెయ్యి పెట్టాను. అదేం పెద్ద సంగతని నేను అనుకోలేదు, అడగనిది చెప్పడం నాకు అలవాటూ లేదు. అంతటితో ఊరుకున్నానా? ఊరుకోలేదు. నడుం మీద చెయ్యి వేసుకుని వాదనకు దిగాను. పిచ్చికుక్కయితే వీధుల్లో పరుగెత్తాలి, ఇది లేవనే లేవదు. కనబడ్డవాళ్ళనల్లా కరవాలి, ఇది నోరే మూయలేదు, మూయలేని నోటితో ఎలా కరుస్తుంది? పిచ్చికుక్క నీళ్ళు చూసి పారిపోతుందంటారు కదా, ఇది పళ్ళెం వదలడం లేదు. "దీనికి పిచ్చని ఎవరన్నారో వాళ్ళని ముందుకొచ్చి చెప్పమను, చిన్నాన్నా" అన్నాను.

ఎవరూ రాలేదు. కర్ర ఉన్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "గుంట చెప్పిందీ నిజమేనేటో" అన్నారెవరో. చిన్నాన్న కర్ర గోడకు ఆనించాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని "కరవలేదంటందిగదా, అదే పదివేలు" అంది. నేను నెగ్గాను. నా జన్మలో అంతమంది మీద ఒకేసారి నెగ్గడం అదే మొదలు. నా కుడి చెయ్యి పరికిణీ కుచ్చిళ్ళలో ఉంది. దాచాలని కాదు. వేలు కొంచెం సలుపుతోంది.

తాతయ్య ఇంతసేపూ గోదాం గుమ్మం పక్కనే నిలబడి ఉన్నారు. తర్వాత నాకనిపించింది, అక్కడున్న అందరూ నా మాటలు వింటుంటే ఆయన ఒక్కరే నన్ను చూస్తున్నారని. జనాన్ని పంపించేసి, గోదాం తలుపు గడియ పెట్టి, అరుగు మీద కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి విదిలించారు.

"రా అమ్మా. బేరమాడదాం. నీ కుక్కని నాకమ్ము."

ఆ బేరం గురించి చెప్పాలి. తాతయ్య కుర్రతనంలో బెల్లం బేరాలు నోటితో సాగేవి కావట. నలుగురి మధ్యా ధర బయటపడకూడదని, కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, లోపల ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకునేవారు. ఏ వేలు పట్టుకుంటే ఏ లెక్కో ఇద్దరికీ తెలుసు. చూసేవాళ్ళకు రెండు మొహాలు తప్ప ఏమీ కనబడదు. నా రోజులకు బెల్లం వేలం పాటలో అమ్ముడయ్యేది గానీ, తాతయ్య సరదాకి నాకది నేర్పారు. జీళ్ళకో బఠాణీలకో మేమిద్దరం అలా బేరమాడుకునేవాళ్ళం. నోటితో ఎంత వాదించినా లొంగని ఆయన తువ్వాలు కింద మాత్రం నాకు ఓడిపోయేవారు.

కూర్చుని ఎడమ చెయ్యి పెట్టాను.

"ఎడం చేత్తో బేరమేటి? లక్ష్మి నిలవదు. ఆ చెయ్యియ్యి."

కుడి చెయ్యి ఇచ్చాను. తువ్వాలు కప్పారు. ఆయన చేతులు దిమ్మలు తడిమి తడిమి గరుకుదేలిన చేతులు. బెల్లంలో ఇసుక ఉందో లేదో వేలి కొసతో చెప్పేసేవారు. చిటికెన వేలు పట్టుకున్నారు, వదిలారు. ఉంగరం వేలు, నడిమి వేలు. చూపుడు వేలి మీద ఆయన బొటనవేలు మెల్లగా పాకి, ఆ గీతల దగ్గర ఆగింది. చురుక్కుమంటే నేను చెయ్యి లాక్కోబోయాను. ఆయన వదల్లేదు. మొహంలో ఏమీ లేదు, బేరమప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. తువ్వాలు కింద పట్టు మాత్రం బిగిసింది.

"ఇదేటమ్మా?"

"పన్ను గీరుకుంది. అది కరవలేదు తాతయ్యా, నేనే వేలు పెట్టేను."

"ఎందుకు పెట్టేవు?"

"ముల్లుందేమో చూద్దామని, నాలుకకి బెల్లం రాద్దామని. నువ్వు రాస్తావు గదా, అలాగ."

ఆయన నా చెయ్యి వదలకుండానే గోదాం తలుపు వైపు తిరిగారు. తలుపు అవతల చాపలు జరుగుతున్న చప్పుడు వినబడుతోంది. ఏదో తనను తాను ఈడ్చుకుంటున్న చప్పుడు.

"ఇంకెన్నిసార్లు పెట్టేవు?" అని అడగలేదు. తిట్టలేదు. "నీ ధరేటో చెప్పు" అన్నారు. అప్పటికి నాకేదో అర్థమవడం మొదలయింది. దిమ్మకు కాలం దగ్గరపడిందని ఆయన మొహం చూడకుండానే ఆ చేతి బిగువులో తెలిసింది. డబ్బు ఊసెత్తలేదు నేను. కర్రలతో దాన్ని ఎవరూ కొట్టకూడదు, అదే నా ధర అన్నాను. తాతయ్య నా పిడికిలి ఒకసారి గట్టిగా నొక్కారు. బేరం కుదిరిందని గుర్తు.

అక్కణ్ణుంచి ఆయన చేసినవన్నీ పరుగుమీద చేశారు. నూతి దగ్గరకు తీసుకెళ్ళి బట్టల సబ్బుతో నా చెయ్యి తోమారు. మంట పుట్టి నేను అరిచేదాకా, అరిచినా ఆపకుండా, అమ్మ బకెట్ల కొద్దీ నీళ్ళు పోస్తుంటే తోముతూనే ఉన్నారు. విషయం విన్న చిన్నాన్న తెల్లబోయాడు. "పన్ను గీరుకుంటే ఏటవుతాది నాన్నా, నక్కపల్లిలో పసరు కట్టేవోడున్నాడు, పొద్దున్నే తీసుకెళ్తాను" అన్నాడు.

"ఆ పసరు నీ నోటికి కట్టించుకో ముందు" అన్నారు తాతయ్య. చిన్నాన్నను ఆయన అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

రిక్షాలో సర్కారు ఆసుపత్రికి వెళ్ళాం. "కరిచిందా పాపా?" అన్నాడు డాక్టరు. నేను అలవాటు చొప్పున నోరు తెరిచాను. తాతయ్య నా చెయ్యెత్తి బల్ల మీద పెట్టి, "దాన్నడక్కండి బాబూ, వేలు చూడండి" అన్నారు. ఆ రోజుల్లో ఆ సూదులు బొడ్డు చుట్టూ వేసేవారు. ఎంత నొప్పో వేయించుకున్నవాళ్ళకే తెలుసు. రోజూ పొట్ట మీద ఒక కొత్త గడ్డ. ప్రతి ఉదయం మంచం కోడు పట్టుకుని రానని మొండికేసేదాన్ని. ప్రపంచంలో ఉన్న వాదనలన్నీ వాడాను. ఒక్కటీ పనిచెయ్యలేదు. తాతయ్య వాదనకు దిగితే గదా, చెయ్యి పట్టుకుని రిక్షా ఎక్కించేవారు.

దిమ్మ విషయంలో ఇచ్చిన మాట కూడా నిలబెట్టుకున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు కర్రలవాళ్ళు మళ్ళీ వస్తే, గోదాం తలుపుకు అడ్డంగా స్టూలేసుకుని కూర్చున్నారు. "బేరమయిపోయింది. అది నా సరుకు. దాని జోలికి ఎవరూ రాకండి" అన్నారు. తిండి కూడా అక్కడికే తెప్పించుకుని, తినకుండా తిప్పి పంపేశారు. పైన మేడమీద నేను నేలకు చెవి ఆనించి పడుకున్నాను. గోళ్ళు తలుపును గీకే చప్పుడు, తర్వాత ఆ తెగిపోయే గొంతు, మళ్ళీ గీకే చప్పుడు. చప్పుడుకూ చప్పుడుకూ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఊరంతా సద్దుమణిగిన వేళ చూస్తే, కింద అసలు చప్పుడే లేదు. అయినా తాతయ్య చాలాసేపు తలుపు తియ్యలేదు. తీశాక ఊరవతల లోతుగా గొయ్యి తవ్వించి, సున్నం పోయించి పూడ్పించారు. గోదాంలో చాపలన్నీ తగలబెట్టించారు. ఆ గదిలో ఉన్న దిమ్మలు కూడా అదే గోతిలో వేయించారు. బెల్లం ముక్క కింద పడితే ఊదుకుని డబ్బాలో వేసే మనిషి, దిమ్మలు గోతిలో పడుతుంటే చూస్తూ నిలబడ్డారట.

ఆ తర్వాత మా ఇంట్లో పుట్టిన పిల్లలెవరికీ ఆయన వేలితో బెల్లం రాయలేదు. చెంచాతో పెట్టేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

సూదులు అయిపోయాయి. ఇక గండం గడిచిందని అమ్మ మొక్కు కూడా తీర్చుకుంది. తాతయ్య మాత్రం కొత్త పని ఒకటి మొదలుపెట్టారు. పొద్దున్నే నేను మొహం కడుక్కుని రాగానే ఇత్తడి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చేవారు. ఎదురుగా కూర్చునేవారు. నేను ఆఖరి గుక్క తాగేదాకా లేచేవారు కాదు. కొట్లో ఎంత పెద్ద బేరగాడున్నా సరే, ఆయన్ని కూర్చోబెట్టి పైకి వచ్చేవారు. వేడి చెయ్యకుండా ఉంటుందని అమ్మతో చెప్పారట. నేనూ అదే అనుకున్నాను. ముసలివాళ్ళకు ఇలాంటి చాదస్తాలు బోలెడు.

ఒకరోజు నాకు తిక్క పుట్టింది. రోజూ ఈ గోలేమిటి, దాహం వేసినప్పుడు నాకు నేను తాగలేనా? గ్లాసు చేతిలోకి తీసుకుని, పెదవుల దాకా తెచ్చి, మొహం పక్కకు తిప్పేసుకున్నాను. "నేను తాగను" అన్నాను.

గ్లాసిచ్చి ఇంకా నిలబడే ఉన్న తాతయ్య గోడ పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూలబడ్డారు. నా గొంతు వైపే చూస్తున్నారు. అలాంటి చూపు నేను మనుషుల మొహాల్లో అంతకుముందు చూడలేదు. నాకు భయమేసి గ్లాసెత్తి గటగటా తాగేశాను. నీళ్ళు గొంతు దిగుతున్న చప్పుడు ఇద్దరికీ వినబడింది. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. కాసేపటికి లేచి ఖాళీ గ్లాసు తీసుకుని, "మంచి పిల్లవి" అని కొట్లోకి వెళ్ళిపోయారు. నేనేం మంచి పని చేశానో నాకు అంతుపట్టలేదు.

మరుసటి సీజన్లో రోలుగుంట రైతు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. కాటా దగ్గర తాతయ్యతో చెబుతుంటే నేను గుమ్మంలో ఉండి విన్నాను. "మా ఇంటిది పోనాది బాబూ. కాటు లేదు, గాటు లేదు. తల్లి చొంగతో తడిసున్న కుక్కపిల్లని ఎత్తి పాలు పట్టింది, అంతే. ఏటవుతందో మాకు తెల్నేదు." తాతయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఇంకేం చెప్పనివ్వకుండా పక్కకు తీసుకెళ్ళిపోయారు. వాళ్ళ ఊళ్ళో ఆమెను ఎవరూ అడిగి ఉండరు. అడిగినా కుక్క కరవలేదనే చెప్పి ఉంటుంది. నాలాగే నిజమే చెప్పి ఉంటుంది. ఆమె చెయ్యి పట్టుకుని చూసినవాళ్ళు లేరు, తేడా అంతే.

ఆ రోజు నుంచి సాయంత్రం కూడా ఒక గ్లాసు మొదలయింది. నేను పెద్దమనిషినైనా, ఓణీలు వేసుకుని కాలేజీకి వెళ్తున్నా ఆ గ్లాసులు మానలేదు. తాతయ్య మంచం పట్టాక, లేవలేక, అమ్మ చేత తెప్పించి తన ఎదుటే తాగించుకునేవారు. ఆయన పోయిన మర్నాటి పొద్దున మొహం కడుక్కుని వచ్చి, చెయ్యి చాచి నిలబడ్డాను. ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

డిగ్రీలో నాది జువాలజీ. ఆఖరి ఏడాది ఒక మధ్యాహ్నం లెక్చరర్ ఈ జబ్బు గురించి పాఠం చెప్పారు. కరవక్కర్లేదు, చొంగ గాటుకు తగిలినా చాలన్నారు. ఒక్కోసారి నెలలు, అరుదుగా ఏళ్ళు కూడా లోపలే నిద్రపోతుందన్నారు. మనుషుల్లో ఒకసారి బయటపడితే ఇక బతకడమన్నది లేదన్నారు. మొదట తెలిసేది నీళ్ళ దగ్గరేనట. ఎంత దాహమున్నా, గ్లాసు నోటి దాకా తెచ్చుకున్నా, గొంతు పట్టేసి మనిషి మొహం పక్కకు తిప్పేసుకుంటాడట.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. "ఏమ్మా, మళ్ళీ డౌటా?" అన్నారాయన, క్లాసంతా నవ్వింది. ప్రతి పాఠంలోనూ లేచి ఆయనతో గొడవపడే మనిషిని కదా. డౌటేమీ లేదు సార్ అని కూర్చున్నాను. ఆ మెట్టు మీద కూలబడ్డ మనిషి కళ్ళముందు కదిలాడు. అన్నేళ్ళ పాటు పొద్దుటా సాయంత్రమూ ఆయన నాకు నీళ్ళు తాగించలేదు. నేను ఇంకా బతికే ఉన్నానా అని చూసుకున్నారు. ఒక్కసారైనా ఆ భయం నాకు అంటనివ్వలేదు.

ఈ వయసులోనూ నా నోరు తగ్గలేదు. అపార్ట్‌మెంట్ మీటింగుల్లో నేను లేస్తే సెక్రటరీ కుర్చీ సర్దుకుంటాడు. మా అమ్మాయి ఫోన్లో "అమ్మా, నువ్వే రైటు, పెట్టేయనా?" అంటుంది. కానీ ఎంత వేడి మీదున్నా, ఎదుటి మనిషి నీళ్ళ గ్లాసు ఎత్తితే నా మాట దానంతటదే ఆగిపోతుంది. మా ఆయన ఈ సంగతి కొత్తలోనే కనిపెట్టేశారు. వాదనలో తనకిక దారి లేదనుకున్నప్పుడల్లా బాటిల్ అందుకుంటారు. అది ఆయన ఎత్తు అని నాకు తెలుసు. తెలిసినా నోరు మూసుకుని, ఆయన గొంతు వైపు చూస్తూ ఉంటాను, గుటక కిందికి దిగేదాకా.